నొక్కు ఎవరిది? – తెలుగు అచ్చులో అవధారణ

మన విమర్శ వ్యాసాల్లో ఒక చిన్న కుండలీకరణం తరచు కనిపిస్తుంది. ఎదుటి పక్షం వ్యాసం నుంచి నాలుగు వాక్యాలు ఉటంకిస్తాం. అందులో ఒక మాటని నల్ల టైపులో పెడతాం. చివర బ్రాకెట్లో ‘నొక్కు నాది’ అంటాం. పాతవాళ్లు కొందరు ‘కింది గీత మాది’ అని రాసేవాళ్లు. పాఠకులు దాన్ని దాటుకుని పోతారు. కాని వాదోపవాదాల సాహిత్యంలో ఆ రెండు మాటలకి వున్న విలువ తక్కువది కాదు. నీ వాక్యంలో నేను ఒక్క అక్షరం కలపలేదు, ఒక్క అక్షరం తీయలేదు, ఎక్కడ చూడాలో మాత్రమే చూపిస్తున్నాను, ఆ చూపిన వేలు నాది – అని ఒప్పుకోవటం అది. వాదంలో నిజాయితీకి అచ్చు యిచ్చిన సాధనాల్లో అదొకటి.

ఆ సాధనం మన లిపికి ఏనాడూ పూర్తిగా అందలేదన్న సంగతి నాకు తట్టింది మాత్రం రెండేళ్ల కిందటే. నా దగ్గర పదో తరగతి దాకా చదువుకున్న అమ్మాయి ఒకామె యిప్పుడు విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. వ్యావహారిక భాషా వివాదం మీద రాసిన వ్యాసం తీసుకుని బేగంపేటలో మా యింటికి వచ్చింది. ‘సార్, తెలుగు ఉదాహరణలు ఒకసారి చూసి పెట్టండి’ అంది. చూశాను. ఉటంకింపుల చివర ‘నొక్కు నాది’ అన్న బ్రాకెట్లు పదకొండు వున్నాయి. నొక్కిన మాట ఒక్కటి కూడా లేదు! అన్ని అక్షరాలూ ఒకే తీరుగా, ఒకే నలుపులో, బడి ప్రార్థనలో పిల్లల్లాగా నిలబడి వున్నాయి. ఇంగ్లీషు భాగంలో మాత్రం నొక్కిన మాటలు చక్కగా వాలి వున్నాయి.

ఆ వ్యాసాన్ని ఆమె లేటెక్ అనే అచ్చుకూర్పు పద్ధతిలో తయారు చేసింది. నొక్కవలసిన ప్రతిచోటా నొక్కమని ఆదేశం రాసింది. యంత్రం ఆ ఆదేశం చదివింది, వాలు అక్షరాల కోసం తెలుగు ఫాంటులో వెతికింది, అవి లేవని తేల్చుకుంది, మామూలు అక్షరాలే వేసి ముందుకు పోయింది. అబద్ధం ఆడలేదు. ‘ఈ ఆకారం దొరకలేదు, బదులు మామూలుది వాడాను’ అని చిట్టాలో రాసి పెట్టింది కూడా. కాని ఆ చిట్టా ఎవరు చదువుతారు? గుమాస్తా రాసి పెట్టిన ఫైలు లాంటిది అది. జరగవలసిన అన్యాయం జరిగిపోయాక, నోటీసు ముందే యిచ్చామని చూపించటానికి పనికొస్తుంది.

ఇది ఒక యంత్రం లోపం అనుకుని వదిలెయ్యటం సులభం. కాని దీని మూలాలు యంత్రంలో లేవు, చరిత్రలో వున్నాయి.

తాటాకు మీద గంటంతో రాసే రోజుల్లో అక్షరాన్ని ముదరబెట్టే ప్రశ్నే లేదు. గంటం ఆకుని గీరుతుంది. తరవాత మసి పూసి తుడిస్తే గీసిన గాట్లలో నలుపు నిలుస్తుంది. కొంచెం గట్టిగా నొక్కితే అక్షరం లావెక్కదు, ఆకు చిరుగుతుంది. మాటకీ మాటకీ మధ్య జాగా కూడా వదలని రాత అది. మరి ఆ రాతలో నొక్కి చెప్పటం లేదా? ఎందుకు లేదు! అది ఆకు మీద లేదు, భాషలో వుంది. ‘రాముడు వచ్చాడు’ అంటే ఒక సమాచారం. ‘రాముడే వచ్చాడు’ అంటే మరొకడు కాదని. ‘రాముడు రానే వచ్చాడు’ అంటే రాడనుకున్నవాళ్లకి జవాబు. ‘వచ్చింది రాముడు’ అని వాక్యాన్ని తిరగేస్తే మరో రకం నొక్కు. దీన్ని మన వ్యాకర్తలు అవధారణ అన్నారు. ఒక్క ఏకారం చేసే పనికి ఇంగ్లీషువాడు కంఠం పెంచాలి, కాయితం మీదైతే అక్షరాన్ని వాల్చాలి. భాష నిర్మాణంలోనే నొక్కు వున్నచోట అచ్చులో నొక్కు అవసరం తక్కువగా పడుతుంది. ఇది మన భాషకి వున్న బలం. కాని బలం వున్నచోటే బద్ధకం కూడా పెరుగుతుందని ముందు ముందు చూస్తాం.

ఇంకో సంగతి. మన పద్యకావ్యాల ప్రతులు చూడండి. పద్యం ముందు ‘క.’ అని వుంటుంది, ‘సీ.’ అని వుంటుంది, ‘తే. గీ.’ అని వుంటుంది, వచనం ముందు ‘వ.’ అని వుంటుంది. చిన్నప్పుడు అవి పద్యంలో భాగమనుకుని ‘క’ అని చదివి మాస్టారు చేత మొట్టికాయ తిన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ గుర్తులు అక్షరం ఎంత లావుండాలో, ఎంత ఎడం వదలాలో చెప్పవు. ఇది ఫలానా జాతి రచన అని మాత్రం చెబుతాయి. ఎలా కనిపించాలన్నది లేఖకుడి యిష్టం, ఎలా చదవాలన్నది గాయకుడి యిష్టం. ‘ఇది ఏమిటి’ అన్నది వేరు, ‘ఇది ఎలా కనిపించాలి’ అన్నది వేరు అనే తెలివి మన లేఖక సంప్రదాయంలో ఏనాడో వుంది. దీన్ని పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. లేటెక్ గురించి చెప్పేటప్పుడు మళ్లీ యిక్కడికి రావాలి.

యూరపులో జరిగింది వేరే కథ. అక్కడ వాలు అక్షరం పుట్టింది నొక్కటానికి కాదు. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మానూషియస్ అనే ప్రచురణకర్త వర్జిల్ కావ్యాన్ని చిన్న పుస్తకంగా వేస్తూ, ఫ్రాన్‌చెస్కో గ్రిఫో చెక్కిన వాలు అక్షరాలతో మొత్తం గ్రంథాన్ని అచ్చువేశాడు. చేతిరాతని అనుకరించే ఆ అక్షరం తరవాత తరవాత నిటారు అక్షరాల మధ్య నొక్కుడు మాటగా స్థిరపడింది. నల్ల టైపు యింకా ఆలస్యం. ఇంగ్లండులో 1845లో క్లారెండన్ అనే లావు అక్షరం వచ్చింది. నిఘంటువుల్లో ఆరోపాన్ని చూపటానికి, వ్యాపార ప్రకటనల్లో కళ్లు గుంజటానికి అలాంటి అక్షరాలు కావలసి వచ్చాయి. పారిశ్రామిక విప్లవం సరుకుని తయారు చేసింది, సరుకుని అమ్మటానికి లావు అక్షరాన్ని తయారు చేసుకుంది. జర్మనీలో మరో పద్ధతి. వాళ్ల ఫ్రాక్టూర్ లిపికి వాలు రూపం లేదు. అందుకని నొక్కవలసిన మాటలో అక్షరాల మధ్య ఎడం పెంచేవాళ్లు. రష్యన్ అచ్చులోనూ ఆ పద్ధతి వుండేది. లెనిన్ రచనల్లో నొక్కిన మాట లేని పేజీ తక్కువ. వాటిని తెలుగు చేసినవాళ్లకి ప్రతి పేజీలోనూ ఒక చిక్కు ఎదురయ్యే వుంటుంది: మూలంలో వాలిన మాటకి తెలుగులో ఏకారం చేర్చాలా, నల్ల టైపు వెయ్యాలా, రెండూ చెయ్యాలా? ఏకారం చేరిస్తే అది అనువాదం. నల్ల టైపు వేస్తే అది నకలు. రెండూ చేస్తే నెత్తి మీద రోకలి పెట్టి మోదినట్టు. అనువాద విమర్శలో యీ ప్రశ్న మనం తగినంతగా చర్చించలేదు.

తెలుగు అక్షరాలకి అచ్చు వచ్చిన తీరు చూస్తే మన దరిద్రం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. మొదట 1746లో జర్మనీలోని హాలేలో బెంజమిన్ షుల్జ్ అనే మతప్రచారకుడు తెలుగులో అచ్చువేయించాడు. తరవాత శ్రీరామపురంలో విలియం కేరీ. 1812 అగ్నిప్రమాదంలో అక్కడ ఎన్నో భారతీయ లిపుల అచ్చులు కరిగిపోయాయి. అయినా 1814లో కేరీ తెలుగు వ్యాకరణం వెలువడింది. 1816లో మద్రాసులో కాంబెల్ వ్యాకరణం వచ్చింది. ఇవన్నీ మతం చెప్పటానికో, కంపెనీ ఉద్యోగులకి భాష నేర్పటానికో చెక్కిన అక్షరాలు. ఇంగ్లీషుకి నిటారు, వాలు, పెద్దక్షరం అన్నీ సిద్ధంగా వున్నాయి. తెలుగుకి ఒక్క రకం చెక్కటమే గగనం. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు – వందల కొద్దీ అచ్చుముక్కలు పోతపొయ్యాలి. మరో రకం అంటే మళ్లీ అన్ని వందలూ.

నేను పుట్టి పెరిగిన వూళ్లో 1990ల మొదట్లో కూడా ట్రెడిల్ ప్రెస్సు నడిచేది. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, స్థానిక కవుల సంపుటాలు అక్కడే. కంపోజిటర్ తాత నిలబడి, ఎడమచేతిలో స్టిక్ పట్టుకుని, కుడిచేత్తో కేసుల్లోంచి అక్షరం ఏరేవాడు. చూపు చేతిరాత మీద, చెయ్యి గూళ్ల మీద. అక్షరం తిరగబడి, అద్దంలోలాగా వుంటుంది. నల్ల టైపు ఆ ప్రెస్సులో ఒక్క సైజులోనే వుండేది, అదీ శీర్షికలకి. వాక్యం మధ్యలో ఒక మాట నల్లగా కావాలంటే, ఆ పెద్ద అక్షరాల్ని చిన్న వరసలో యిరికించి, పైనా కిందా సీసపు పట్టీలతో సరి చెయ్యాలి. ఒక కవి తన సంపుటంలో యిరవై చోట్ల నల్ల టైపు అడిగాడట. తాత ప్రూఫు మీద పందొమ్మిది కొట్టేసి, ‘ఒకటి ఎంచుకో బాబూ’ అన్నాడట. ఆ రోజుల్లో యిలాంటి కథలు ప్రతి ప్రెస్సుకీ వుండేవి, నిజమెంతో చెప్పలేను. కాని దాని వెనక వున్న లెక్క నిజం. నొక్కుకి శ్రమ ఖర్చవుతుంది. ఆ శ్రమ కవిది కాదు, కంపోజిటర్‌ది. అందువల్లే మన అచ్చులో నొక్కు పని చాలాకాలం ఉద్ధరణ చిహ్నాలు చేశాయి. కామాల్లో పెట్టిన మాట ఎత్తిపొడుపా, ఉటంకింపా, నొక్కా అన్నది పాఠకుడే తేల్చుకోవాలి. మన విమర్శలో సగం అపార్థాలు ఆ కామాల్లోనే పుట్టాయని నా అనుమానం.

ప్రెస్సులో మరో పద్ధతి వుంది. ప్రూఫు దిద్దేవాడు మాట కింద సరళ గీత గీస్తే వాలు అక్షరం వెయ్యమని, అలల గీత గీస్తే నల్ల టైపు వెయ్యమని కంపోజిటర్‌కి ఆదేశం. గీత అచ్చులోకి రాదు. గీత చెప్పిన పని వస్తుంది. టైపు మిషను వచ్చాక ఆ ఆదేశమే అలంకారమైంది. దానికి వేరే అక్షరం లేదు కనక గీతే నొక్కుగా నిలిచిపోయింది.

హైదరాబాదులో దీనికి సమాంతరంగా యింకొక లోకం వుండేది. ఉర్దూ పుస్తకాలు, పత్రికలు కాతిబ్‌లు చేత్తో రాస్తే శిలాముద్రణలో అచ్చయ్యేవి. లావు కలంతో రాసింది జలీ, సన్న కలంతో రాసింది ఖఫీ. నొక్కు కావాలంటే కలం మార్చాలి, లేదా మాట పైన గీత గీయాలి. పైన గీత! మనం కింద గీస్తాం, వాళ్లు పైన గీస్తారు. చీనావాళ్లు అక్షరాల కింద చుక్కలు పెడతారు. ఆ ఉర్దూ రాజ్యంలో 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక మొదలుపెట్టి తెలుగు అచ్చుని నిలబెట్టాడు. ఆ పేరు మళ్లీ వస్తుంది.

ఇక లేటెక్ సంగతి. అమెరికాలో డొనాల్డ్ క్నూత్ అనే కంప్యూటర్ శాస్త్ర ఆచార్యుడు తన గ్రంథం కొత్త ముద్రణ ప్రూఫులు చూసి, అక్షరాల తీరుకి మనసు విరిగి, 1977లో సొంత అచ్చుకూర్పు పద్ధతి రాయటం మొదలుపెట్టాడు. అదే టెక్. అక్షరాలు గీయటానికి మెటాఫాంట్ అనే మరో పద్ధతి కూడా తయారు చేశాడు. దాంతో గీసిన అతని అక్షర కుటుంబంలో నిటారు, వాలు, లావు – అన్నీ అన్నదమ్ముల్లా పుట్టాయి. 1980లలో లెస్లీ లాంపోర్ట్ దాని మీద లేటెక్‌ని నిర్మించాడు. లాంపోర్ట్ చేసిన ముఖ్యమైన పని ఏమిటంటే, ‘వాల్చు’, ‘నల్లబరచు’ అనే ఆదేశాలతో పాటు ‘నొక్కు’ అనే ఆదేశం పెట్టటం. వెనక్కి వాలిన గీత గీసి, ఇంగ్లీషులో నొక్కు అన్న మాటకి కుదింపు రాసి, నొక్కవలసిన మాటని మీసాల బ్రాకెట్లలో పెట్టాలి. ఎలా నొక్కాలన్నది రచయిత చెప్పడు. చుట్టూ నిటారు అక్షరాలుంటే ఆ మాట వాలుతుంది. చుట్టూ వాలు అక్షరాలుంటే ఆ మాట నిటారుగా నిలబడుతుంది. నొక్కు అంటే ఒక ఆకారం కాదు, పరిసరాలతో భేదం అన్న గ్రహింపు యిందులో వుంది. గతితర్కం చదువుకున్న మనకి యిది వింతగా తోచనక్కర్లేదు. మన ‘క.’, ‘సీ.’, ‘వ.’ల తెలివే యిది. ప్రూఫు గీత తెలివే యిది.

అయితే లోపం ఎక్కడ? ‘నొక్కు’ అనే ఆదేశం ఆకారాన్ని చెప్పదు సరే, దాని వెనక ఎవరో ఒక ఆకారం ముందే నిర్ణయించి పెట్టారు. ఆ ఆకారం వెనిస్‌లో పుట్టిన వాలు అక్షరం. సార్వజనీనం అనుకున్నదాని అడుగున ఒక ప్రాంతం అలవాటు దాక్కుని వుంది.

1990ల మొదట్లో అమెరికాలోని తెలుగు విద్యార్థులు టెక్‌లో తెలుగు రాయటానికి అక్షరాలు గీశారు. రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగుని రోమన్ అక్షరాల్లో టైపు చేసే ఆర్.ఐ.టి. పద్ధతి పుట్టింది. అందులో చిన్న ‘ఎన్’ ‘న’ అయితే పెద్ద ‘ఎన్’ ‘ణ’. చిన్న ‘ఎల్’ ‘ల’ అయితే పెద్దది ‘ళ’. ఇంగ్లీషువాడు అరవటానికి వాడుకునే పెద్దక్షరాలు మనకి మూర్ధన్యాలకే సరిపోయాయి. 1991లో యూనికోడ్‌లో తెలుగుకి చోటు దొరికింది. 2004లో జోనథన్ క్యూ రాసిన జీటెక్ వచ్చాక యూనికోడ్ తెలుగుని నేరుగా టెక్‌లో కూర్చటం సాధ్యమైంది. అక్షరం సరిగ్గా పడింది. నొక్కు మాత్రం పడలేదు.

పడకపోతే బలవంతంగా పడవెయ్యొచ్చు. మేమిద్దరం ఆ సాయంత్రం అదే చేశాం. ముందు అక్షరాల్ని కృత్రిమంగా వాల్చాం. తెలుగు అక్షరం మూడంతస్తుల యిల్లు: పైన తలకట్టో గుడో, నడుమ అక్షరం, కింద ఒత్తు. ఇంటిని ఒక పక్కకి తోస్తే పై అంతస్తు కుడికి పోతుంది, కింది అంతస్తు ఎడమకి పోతుంది. ‘శాస్త్రం’ అన్న మాటలో ఒత్తులు జరిగి ముందక్షరం కాళ్ల కిందికి చేరాయి. తరవాత కృత్రిమంగా లావు చేశాం. గీత చుట్టూ సిరా పెంచటమే ఆ పద్ధతి. ‘థ’ కడుపులో చుక్క పూడిపోయింది, ‘ఠ’ కడుపులో చుక్కా పూడిపోయింది. ‘థ’కీ ‘ధ’కీ తేడా తెలియక జీవితమంతా దిద్దుబాట్లు చేసిన నాలాంటి బడిపంతులికి అంతకన్నా శిక్ష లేదు. చివరికి కింది గీత పెట్టే ప్యాకేజీ వాడాం. దాన్ని పిలిస్తే చాలు, ‘నొక్కు’ ఆదేశమంతా కింది గీతగా మారిపోతుంది. గీత నేరుగా ఒత్తుల మెడలు కోసుకుంటూ పోయింది.

అసలు మందు ఒకటే: తెలుగులో నిజంగా గీసిన నల్ల అక్షరం. అది ఎన్ని ఫాంట్లకి వుంది? 2010 తరవాతి సంవత్సరాల్లో సిలికానాంధ్ర చొరవతో ఉచిత తెలుగు ఫాంట్లు చాలా వచ్చాయి. మంచి పని. వాటికి మన పెద్దల పేర్లు పెట్టారు. కాని వాటిలో చాలావాటికి ఒకే ఒక బరువు. గురజాడ ఫాంటుకి నల్ల రూపం లేదు. గోలకొండ పత్రిక నడిపిన సురవరం పేరిటి ఫాంటుకి లేదు. గిడుగు ఫాంటుకీ లేదు. జీవితమంతా నొక్కి చెప్పిన గిడుగు రామమూర్తికి! ఇది గీసినవాళ్ల మీద ఫిర్యాదు కాదు. వందల ఆకారాలు ఒకసారి గీయటానికే కళ్లు పోతాయి. రెండోసారి గీయటానికి కూలి ఎవరిస్తారు? అంతర్జాతీయ కంపెనీలు తమ అవసరానికి వేయించిన నోటో వంటి కుటుంబాల్లో మాత్రం సన్నం నుంచి లావు దాకా బరువులున్నాయి. కేరీ కాలంలోలాగే యిప్పుడూ మన అక్షరం ఎదుటివాడి అవసరం మేరకే పెరుగుతోంది. విశ్వవిద్యాలయాలు, అకాడమీలు చెయ్యవలసిన పని యిది.

అమీర్‌పేట మెట్రో దిగి మైత్రీవనం వైపు నడిస్తే లావు అక్షరాలకి కొదవ వుండదు. కంప్యూటర్ శిక్షణ కేంద్రాల ఫ్లెక్సీలు ఒకదాని మీద ఒకటి, ప్రతి మాటా లావు, ప్రతి మాటకీ ఎర్ర అంచు, పసుపు నీడ. అన్నీ నొక్కిన చోట ఏదీ నొక్కినట్టు కాదు. ఆ సందుల్లోనే మొన్నమొన్నటిదాకా మన చిన్న పత్రికలు డీటీపీ చేయించుకున్నాయి. నా వ్యాసం ఒకటి అలాంటి ఒకచోట పాత ఫాంటు నుంచి యూనికోడ్‌కి మారినప్పుడు అక్షరాలన్నీ వచ్చాయి, నల్ల టైపంతా పోయింది. డీటీపీ చేసిన కుర్రాడు ‘మేటర్ అంతా వచ్చింది కద్సార్’ అన్నాడు. అతని దృష్టిలో నొక్కు మేటర్ కాదు. అతన్ని తప్పుపట్టలేను. పేజీకి యింత అని కూలి, నొక్కుకి యింత అని ఎవరూ యివ్వరు. ఆ వ్యాసం యిప్పటికీ ‘నొక్కు నాది’ అన్న అనాథ బ్రాకెట్లతో తిరుగుతోంది.

తెలుగుకి ఏకారం వుంది కదా, యీ నల్ల టైపు మోజెందుకు అనే మిత్రులున్నారు. నా మాటలకైతే వాళ్లతో నేను ఏకీభవిస్తాను. సొంత వ్యాసంలో పేజీకి పది మాటలు నల్లబరిచేవాడు తన వాక్యాన్ని తానే నమ్మటం లేదు. మన వ్యాసాల్లో యీ జబ్బు ముదిరింది. వాక్యం తిప్పి రాసే ఓపిక లేక మౌసు తిప్పుతున్నారు. కాని ఎదుటివాడి వాక్యంలో ఏకారం చేర్చే హక్కు నాకు లేదు. ‘ప్రజలు కోరుకున్నారు’ అన్నవాణ్ణి ‘ప్రజలే కోరుకున్నారు’ అన్నాడని రాస్తే అది ఫోర్జరీ. అక్కడ ‘ప్రజలు’ని నల్లబరిచి, నొక్కు నాదని ఒప్పుకోవటం తప్ప వేరే దారి లేదు. అందుకే యిది అలంకారం సమస్య కాదంటున్నాను.

ఆమె వ్యాసం సంగతి చెప్పాలి. నిజంగా గీసిన నల్ల అక్షరం వున్న ఫాంటు ఒకటి తీసుకుని, ‘నొక్కు’ ఆదేశం అర్థాన్ని తెలుగు భాగానికి మాత్రం నల్ల టైపుగా మార్చింది. వ్యాసం లోపల ఒక్క మాటా ముట్టుకోనక్కర్లేకపోయింది. ఆదేశంలో ఆకారం లేకపోవటం వల్ల వచ్చిన లాభం యిక్కడ కనిపించింది. తరవాత మరో చిక్కు వచ్చింది. రెండు ఉటంకింపుల్లో పాత రచయితలే కొన్ని మాటల్ని పెద్ద టైపులో పెట్టించుకున్నారు. వాళ్ల నొక్కు వేరు, ఈమె నొక్కు వేరు. అక్కడ వాళ్ల నొక్కుని పెద్ద టైపుగానే వుంచి, ‘నొక్కు మూలంలోనిది’ అని విడిగా రాసింది.

మళ్లీ అచ్చు తీసి చూసుకున్నాం. పదకొండు చోట్లా మాటలు నల్లబడ్డాయి. పదకొండో దాన్ని ఆమె రెండుసార్లు చదివి, నల్ల టైపూ బ్రాకెట్టూ రెండూ తీసేసింది. ఆ వాక్యంలో రచయితే ఏకారం పెట్టి వున్నాడు.